నోటి నిండా అన్నంతో అన్న ఊ

మా వాళ్లందరం కలిసి భోజనానికి కూర్చుంటే మూడో ముద్దకో నాలుగో ముద్దకో నా కథ వచ్చి తీరుతుంది. ఎనిమిదేళ్ల వయసులో నేను ఒక్క కోడి కార్జం ముక్క కోసం కన్నతల్లిని వదిలేసి చిన్నమ్మ ఇంట్లో ఉండిపోయానట. తమ్ముడు మొదలుపెడతాడు, అమ్మ దానికి ఉప్పూ కారం చల్లుతుంది, ఆ పూట చుట్టాలెవరైనా ఉంటే కడుపుబ్బ నవ్వుతారు. ముప్పై ఏళ్లకు పైగా నేనూ వాళ్లతో పాటు నవ్వుతూనే వచ్చాను. నవ్వకపోతే "అగో, దీనికి కోపమొచ్చింది" అని ఇంకో విడత నవ్వుతారు కాబట్టి.

ఈ ఏడాది నవ్వడం మానేశాను. ఎందుకో చెప్పాలంటే ఆ కార్జం దగ్గరి నుంచే మొదలుపెట్టాలి.

మాది తిరుమలగిరి పక్కన ఒక ఊరు. గొర్రెలు, ఒక బోరు, ఆ బోరులో నీళ్లుంటే పత్తి. పొద్దు గూకే వేళకు అమ్మ జొన్న రవ్వ ఉడికించి గట్క చేసేది. వేడి వేడి గట్క పళ్లెంలో పెట్టి, మధ్యలో గుంట చేసి, అందులో పచ్చి పులుసు పోసేది. మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉప్పుతో పిసికి, ఉల్లిగడ్డ వేసిన చింతపండు పులుసు. చల్లారితే గట్క గట్టిపడుతుందని నాయిన మమ్మల్ని తొందరపెట్టేవాడు. వేళ్లు కాలేవి, నాలుక కాలేది, అయినా ఎవరూ ఆగేవాళ్లం కాదు. తరవాత ఎన్ని ఇళ్లలో ఎన్ని తిన్నా, ఆకలి అనగానే నాకు గుర్తొచ్చేది ఆ గుంటలో పొగలు కక్కే పులుసే.

కోడి కోస్తే అది పండగ. కోడికి కార్జం ఒక్కటే ఉంటుంది, పిల్లలం ఇద్దరం. అమ్మ గంటె అంచుతో దాన్ని రెండు ముక్కలు చేసేది. పెద్ద ముక్క తమ్ముడికి, చిన్నది నాకు. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. నా ముక్కను పళ్లెం అంచున దాచుకుని చివరిదాకా తినేదాన్ని కాదు. తమ్ముడు తనది ఎప్పుడో మింగేసి, నా ముక్క వైపు దొంగ చూపులు చూసేవాడు.

నాకో అలవాటు ఉంది. నోట్లో ముద్ద ఉన్నప్పుడు మాట్లాడను. ఎవరేం అడిగినా "ఊ" అంటాను. అది ఒప్పుకోవడం కాదు, వింటున్నాను అని, అంతే. కానీ మా ఇంట్లో దాన్ని వేలిముద్ర కింద లెక్కేసేవాళ్లు. "నీ పలక తమ్మునికిస్తవా?" ఊ. "రేపు గొర్ల కాడికి నాయినకు సద్ది తీస్కపోతవా?" ఊ. తిన్నాక నేను గొడవ చేస్తే "ఇందాక ఊ అన్నవ్ గదనే" అనేది అమ్మ. నాకు మాట తప్పడం చేతకాదు. పలక ఇచ్చేదాన్ని, సద్ది మూట పట్టుకుని ఎండలో నడిచేదాన్ని.

మూడో తరగతి అయిపోయిన సెలవుల్లో ఒక రోజు అమ్మ నాకు తల దువ్వి, "చిన్నమ్మ అన్నానికి పిలిసింది, పొయ్యి తినొద్దాం దా" అంది. చిన్నమ్మంటే అమ్మకు సొంత చెల్లెలు, కోదాడలో ఉండేది. చిన్నాయనకు అక్కడ సైకిళ్ల దుకాణం. వాళ్లకు పిల్లల్లేరు. తమ్ముడిని నాయిన దగ్గర వదిలి మేమిద్దరమే బయలుదేరాం. సూర్యాపేటలో బస్సు మారేటప్పుడు అమ్మ చేతిలో సంచి బరువుగా ఉండడం చూసి ఏముందని అడిగాను. జొన్నపిండి అంది. పిండి ఉన్నమాట నిజమే. పిండి కింద నా గౌన్లన్నీ ఉన్నాయి.

కోదాడలో ఆ పూట తిన్నంత తిండి అంతకుముందు నేనెన్నడూ తినలేదు. ముద్దపప్పు, దాని మీద నెయ్యి, సాంబారు, తెల్లటి సన్నన్నం, కోడికూర. చిన్నమ్మ గిన్నెలో వెతికి వెతికి కార్జం మొత్తం తీసి నా పళ్లెంలో వేసింది. నాకు సంతోషం కంటే ముందు కంగారు పుట్టింది. ఇందులో సగం ఎవరికివ్వాలో తెలియక అమ్మ ముఖం చూశాను.

"తిను బిడ్డా, అంతా నీదే" అంది అమ్మ.

అంతా నోట్లో పెట్టేసుకున్నాను. అప్పుడు అడిగింది చిన్నమ్మ: "మా ఇంట్ల ఉంటవా?"

"ఊ" అన్నాను.

కడుపు నిండి నిద్రపోయాను. లేచేసరికి అమ్మ లేదు. "నాలుగ్గంటల బస్సుకు పోయింది. నువ్వే ఉంటనన్నవ్ గదా" అని చిన్నమ్మ టీలో బిస్కెట్టు ముంచి ఇచ్చింది. చిన్నమ్మ మీద అబద్ధం చెప్పను, ఆమె నన్ను బంగారంలా చూసుకుంది. చదివించింది, పెళ్లి చేసింది. ఇవాళ మిర్యాలగూడలో నేనో బళ్లో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆమె చలవే. కానీ ఆ సాయంత్రం నాకు అర్థమైంది ఒక్కటే: నా నోరే నన్ను పట్టించింది. ఆ ముక్క తినకపోయుంటే, తిన్నా ఊ అనకపోయుంటే, అమ్మ నన్ను వెంట తీసుకుపోయేది. ఆ తరవాత చిన్నమ్మ ఇంట్లో ఏ కూరా రెండోసారి వేయమని అడగలేదు. నాది పాడు నోరని, ఎక్కువ ఆశపడితే ఏదో ఒకటి పోతుందని ఒక భయం. పిల్ల తిండి తక్కువ తింటుందని చిన్నమ్మ డాక్టరుకు కూడా చూపించింది.

సెలవులకు ఊరికి పోతే ఇంకో వింత. మా ఇంట్లో నేను చుట్టాన్నయ్యాను. నా కోసం విడిగా సన్నబియ్యం వండేది అమ్మ. పక్కనే తమ్ముడు గట్కలో గుంట చేసుకుని పులుసు పోసుకుంటుంటే నా నోరూరేది. "నాకూ గట్క పెట్టమ్మా" అని ఒకసారి అడిగాను. అమ్మ పక్కింటామెతో "పాపం, కోదాడ పిల్ల, గిప్పుడు గిది తింటదా, కడుపునొప్పి లేస్తది" అని నవ్వేసింది. నేను తిని పెరిగిన తిండి నాకు పడదని మా అమ్మే తేల్చేసింది. తమ్ముడేమో "అక్క వస్తెనే కోడి కోస్తరు" అని మూతి ముడిచేవాడు. వాడికి నామీద కుళ్లు, నాకు వాడి గట్క మీద కుళ్లు.

ఇదంతా నేను మింగేసిన సంగతే. ఇప్పుడు ఎందుకు పైకి వచ్చిందంటే, నా కూతురి వల్ల. దానికి తొమ్మిదేళ్లు. అమ్మ ఇప్పుడు సూర్యాపేటలో తమ్ముడి దగ్గర ఉంటోంది. ఈ మధ్య అక్కడికి వెళ్లినప్పుడు నా కథ మామూలుగా నడిచింది, నా కూతురు మొదటిసారి అర్థం చేసుకుంటూ వింది. మిర్యాలగూడకు తిరిగొచ్చే బస్సులో నవ్వుతూనే అడిగింది: "అమ్మా, ఎవరన్నా మంచి కూర పెడితే నన్ను గూడ ఇడిసిపెట్టి పోతవా?"

"ఛీ, అవేం మాటలు?" అన్నాను.

"మరి నువ్వు ఊ అన్నవంట గదా."

నవ్వుతూనే అంది గానీ నా చున్నీ అంచు మాత్రం దిగేదాకా వదల్లేదు.  నేను ఊ అన్న మాట నిజమే కదా.

దానికి చెప్పాల్సిన జవాబు కోదాడలో దొరికింది. చిన్నమ్మకు కంటి ఆపరేషన్ అయితే చూసి రావడానికి వెళ్లాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నేనే కోడికూర వండుతున్నాను. నల్లద్దాలు పెట్టుకుని, గిన్నె కనబడకపోయినా వాసన పట్టి "ఉప్పు చాల్లేదే" అంటోంది. ఆ ముచ్చట్లలో, ఎంతో మురిపెంగా, తనంతట తనే అంది:

"మీ అమ్మ ఎంత తెలివైందో! ఆ రోజుకు నెల ముందే నాకు చెప్పింది కదా. 'దానికి కార్జమంటే ప్రాణం, మొత్తం దానికే వెయ్యి. ముందే అడిగావనుకో, ఉండనని ఏడుస్తది. ముద్ద నోట్లో ఉన్నప్పుడు అడుగు, దేనికైనా ఊ అంటది' అన్నది. అన్నట్టే అయింది చూడు!"

చిన్నమ్మ నవ్వుతోంది. నా గంటె కూరలోనే ఆగిపోయింది. అడుగంటుతున్న వాసన ఆమెకే ముందు తెలిసింది, నాకు తెలియలేదు.

నన్ను పెంపకానికి ఇచ్చారన్నది నా బాధ కాదు. ఆ ఏడు బోరు ఎండిపోయింది, గొర్రెలు చచ్చాయి, చెల్లెలికి పిల్లల్లేరు. ఎనిమిదేళ్లకు కాకపోయినా ఇరవై ఏళ్లకు అది నాకు అర్థమైంది. కానీ ఇచ్చింది తానై ఉండి, వదిలింది నేనని ఊరంతా చెప్పింది. నా ముద్దను, నా ఊను, నా మాట తప్పని గుణాన్ని నామీదికే వాడింది. పైగా ఇన్నేళ్లు నా ముందే ఆ కథ చెప్పి నన్నే నవ్వించింది. అమ్మ అంత పని చేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ వచ్చే ఆదివారమే కూతురిని తీసుకుని సూర్యాపేట వెళ్లాను. నా కూతురు ఎప్పటిలాగే అమ్మమ్మ పక్కన చేరింది. ఆ పిల్లకు అక్కడికెళ్తే అమ్మమ్మ చేతి ముద్దే కావాలి. తమ్ముడు కూర గిన్నె నావైపు జరుపుతూ "అక్కకు కార్జం ఎయ్యుర్రి, లేకుంటే పక్కింట్ల ఉంటనంటది" అని మొదలుపెట్టాడు.

"ఆగు" అన్నాను. "ఈసారి అమ్మ చెప్తది. చిన్నమ్మకు నెల ముందు ఏం చెప్పినవో చెప్పమ్మా."

అమ్మ చెయ్యి పళ్లెంలో ఆగింది. మరదలు పెరుగు తెస్తానని లేచింది. "తినేటప్పుడు గా ముచ్చటెందుకు, తినుర్రి" అంది అమ్మ. తమ్ముడు మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూసి, టీవీ గొంతు పెంచాడు.

తిన్నాక వంటింట్లోకి వెళ్లి మళ్లీ అడిగాను. అమ్మ కాదనలేదు.

"చెప్పిన. మరి నువ్వు ఏడ్సుకుంట ఉంటే నా కాళ్లు కదుల్తయా? నువ్వు ఊ అంటేనే నేను బస్సెక్కగలిగిన."

"అయితే నీ కోసం అనిపించినవ్. మరి తమ్ముణ్ని ఎందుకు పంపలే?"

"చిన్నమ్మ ముందుగాల వాణ్నే అడిగింది. వాణ్ని అడిగితే ఇల్లు పీకి పందిరేసిండు. నువ్వయితే చెప్పిన మాట వింటవ్. నువ్వు ఏడ్సెదానివి కాదు."

ఇన్నేళ్లకు తెలిసింది. నన్ను ఇచ్చేసింది నా ఆశ వల్ల కాదు, బుద్ధిమంతురాలిని కాబట్టి. మొండిగా పొర్లి ఏడ్చినవాడికి అమ్మ దక్కింది. చెప్పిన మాట విన్నందుకు నాకు దక్కలేదు.

"నేను ఏడ్సిన" అన్నాను. "చిన్నమ్మ స్నానాలగదిలో నల్లా విప్పుకుని ఏడ్సిన. ఒక రోజు కాదు, రెండేండ్లు."

"నాకు తెల్వదు బిడ్డా. ఎవ్వరు చెప్పలే."

"నువ్వు అడగలే."

అమ్మ తల వంచుకుని గిన్నె తోముతూ ఉండిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో నా కూతురు. ఎప్పుడు వచ్చిందో, అంతా వింది. అమ్మ కూడా చూసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ముఖానికి నవ్వు తెచ్చుకుని "దా బిడ్డా, నీకు పెరుగన్నం కలిపి పెడ్త" అని చెయ్యి చాచింది.

పిల్ల కదల్లేదు. నా వైపు చూసింది.

వెళ్లమని నేను చెప్పలేదు.