నీళ్ళు ఎందాకా వచ్చాయి?

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆవకాయ జాడీ బాధ్యత నాది. విజయనగరం నుంచి రైల్లో వచ్చే ఆ జాడీ మాకు ఏడాదంతా రావాలి. దానికి తడి తగలకుండా, మూతికి కట్టిన గుడ్డ ఊడకుండా చూడమని మా మామ్మ పదేళ్ళ నాకు అప్పజెప్పింది. ఆ పని నేను ఒక్కసారే మరిచిపోయాను. ఆ ఒక్కసారికే మా చిన్నాన్న చావుదాకా వెళ్ళొచ్చాడు.

అప్పుడు మేం కలకత్తా గార్డెన్ రీచ్‌లో, ధాన్యం గోదాముల వెనక సందులో ఉండేవాళ్ళం. నాన్న డాక్‌లో క్రేన్ నడిపేవారు. చిన్నాన్న ఆయన తమ్ముడు. ఉద్యోగం చూసుకుంటానని వచ్చి, రెండేళ్ళయినా దొరక్క, అన్నగారి ఇంట్లో కాస్త తలొంచుకునే తిరిగేవాడు. మాది కింది వాటా. మేడమీద ఒక్కటే గది, అందులో ఆస్పత్రిలో నర్సుగా చేసే అక్క, వాళ్ళమ్మ ఉండేవారు. వాళ్ళది శ్రీకాకుళం వైపు కావడంతో మాకు చుట్టాలకన్నా ఎక్కువ.

ఆ ఏడు వానలకి సందులో నీళ్ళు నిలిచి మా గడప దాటాయి. చేతికందినవి పట్టుకుని అందరం అక్క గదిలోకి ఎక్కేశాం. ఏడుగురం, ఒక మంచం, ఒక కిటికీ. సందు చివర కరెంటు తీగ తెగిపడి ఎవరో పోయారని తెలిసేసరికి నాన్న గట్టిగా ఆంక్ష పెట్టారు. నీళ్ళల్లో కాలు పెట్టినవాడు మళ్ళీ తన గుమ్మం ఎక్కక్కర్లేదన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూసింది చిన్నాన్న వైపే.

గోదాముల్లో ఎలుకలు కూడా మాలాగే చిక్కుకుపోయాయి. ఈదుకుంటూ వచ్చి మా మెట్లమీద తడితడిగా కూర్చునేవి. మామ్మ చీపురుతో తోస్తే నీళ్ళలో పడి, మళ్ళీ ఎక్కేవి. కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ మట్టిరంగు నీళ్ళే. రెండో రోజు మామ్మ కలుపుకోవడానికి ఆవకాయ అడిగింది. జాడీ కింద వంటింటి అలమర పై అరలోనే ఉండిపోయిందని నాకప్పుడు గుర్తొచ్చింది. మెట్లమీద పెట్టానని, ఇప్పుడే తెస్తానని అబద్ధం చెప్పి బయటికొచ్చి, మెట్ల మలుపు దగ్గర కూర్చుని ఏడ్చాను. నాన్న కునుకు తీస్తున్నారు. చిన్నాన్న వచ్చి సంగతి విన్నాడు. పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు.

తిరిగి వస్తున్నప్పటి ఆయన రూపం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. జాడీ నెత్తిమీద, రెండు చేతులూ పైకి, నీళ్ళు గుండెల దాకా. ఆవకాయకి చుక్క తడి తగలకూడదు కదా. చేతులు ఖాళీగా ఉంటే గోడ పట్టుకుని నడిచేవాడు. అవి ఖాళీగా లేకపోవడంతో తూలి, మునిగి ఉన్న రేకు తలుపు అంచుమీద కాలు వేశాడు. పాదం తెగింది. మెట్లమీద పడిన నెత్తురు నేను నా పరికిణీతో తుడిచేశాను. ఆయన పాత బనీను చింపి కట్టుకుని, మీ నాన్నకి చెప్పకే అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ పూట అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను ఆవకాయ ముట్టుకోలేదు.

నాలుగు రోజులకి నీళ్ళు తీశాయి. మేం దిగి ఇల్లు కడుక్కున్నాం. మరో వారం గడవకుండానే మళ్ళీ వాన, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఆ గదే. ఈసారి చిన్నాన్న ఒంట్లో జ్వరం కూడా మాతో మేడెక్కింది. కళ్ళు ఎర్రబడి, రెండు రోజులకి పచ్చబడ్డాయి. మామ్మ ఒక్క చూపుతో తేల్చేసింది.

"కావెర్లే ఇవి. ఆవకాయ ఒకటే తిన్నాడు, ఏడి చేసీసింది."

దాంతో ఉప్పూ నూనే బంద్. చప్పిడి మజ్జిగన్నం. నీళ్ళు తీశాక నది అవతల షాలిమార్‌లో ఉన్న మనవాళ్ళ దగ్గర నేలఉసిరి పసరు పోయిద్దామని అమ్మా మామ్మా అనుకున్నారు. నా ఆవకాయని తిడుతుంటే వింటూ గోడకి ఆనుకుని కూర్చున్నాను. తప్పు జాడీది కాదని ఎక్కడో అనిపించేది గానీ, నోరు తెరిస్తే చిన్నాన్న వీధిన పడతాడు, తెరవకపోతే ఏమవుతుందో తెలియదు.

డ్యూటీకి వెళ్ళే దారిలేక అక్కా ఇంట్లోనే ఉంది. ఆమె చిన్నాన్న పిక్కమీద వేళ్ళతో మెల్లిగా నొక్కింది. అంతటి మనిషీ కెవ్వుమన్నాడు. నీళ్ళలో దిగావా అని అడిగితే, నాన్న వైపు చూసి లేదన్నాడు. కట్టు ఏమిటంటే పెరట్లో మేకు గుచ్చుకుందన్నాడు. తను వద్దన్నాక ఎందుకు దిగుతాడని నాన్న కూడా అన్నారు. అక్క లేచింది. తడిబట్టలు పిండాలి రమ్మని నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది.

దుప్పటి చెరో కొసా పట్టుకుని మెలిపెడుతున్నాం. ఆమె నా ముఖం వైపు కూడా చూడలేదు. వంకాయ ధర అడిగినంత మామూలుగా అంది.

"అమ్మీ, చిన్నాన్నకి నీళ్ళు ఎందాకా వచ్చినాయే? మోకాళ్ళ దాకానా, నడుం దాకానా? నోటితో ఏటీ చెప్పొద్దు. చెయ్యెట్టి చూపించు, చాలు."

దిగాడా అని అడిగి ఉంటే లేదనేదాన్ని. ఆ జవాబు నా నాలుకమీద సిద్ధంగా ఉంది. ఎందాకా అంటే మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు. దుప్పటి కొస వదిలేసి చెయ్యి నా గుండెమీద పెట్టుకున్నాను. పెట్టాక గాని చెప్పేశానని తెలియలేదు. అక్క నా తల నిమిరి లోపలికి వెళ్ళింది.

ఇది కామెర్లొక్కటే కాదని, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు తెగిన పాదంలోంచి ఒంట్లోకి పోయి వచ్చే జ్వరంలా ఉందని, పసరుకి లొంగదని, ఇప్పుడే ఆస్పత్రికి పోవాలని నాన్నకి చెప్పింది. ఎలా తెలుసని నాన్న అడిగితే, పిక్కలూ ఆ కాలూ చెబుతున్నాయంది. నా పేరు ఎత్తలేదు. కిటికీలోంచి కేకేసి చేతిరిక్షా పిలిపించింది. నడుంలోతు నీళ్ళలో రిక్షా అతను లాగుతుంటే, నాన్న తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళారు. గుమ్మం ఎక్కొద్దన్న మాట ఆయనకి గుర్తున్నట్టే లేదు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మూత్రపిండాలు పాడయ్యేవని డాక్టరు అన్నారట. ఇంజక్షన్లు పడ్డాయి, మూడు వారాలకి చిన్నాన్న కర్రసాయంతో మెట్లెక్కి వచ్చాడు.

ఒట్టు తప్పానన్న సిగ్గుతో ఏళ్ళ తరబడి ఆయన ముఖం సూటిగా చూడలేకపోయాను. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు మాత్రం ఏడుస్తూ అసలు సంగతి చెప్పేశాను. ఆయన నవ్వాడు.

"తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నానే. నువ్వు గుండెమీద చెయ్యెట్టావు, నేను బతికీసాను అనుకున్నాను."

నిజం చెప్పడానికి ఆయనకీ దారి దొరకలేదని నాకు అప్పటిదాకా తట్టలేదు.

తర్వాత ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పాను. ఏ పిల్లనీ చేశావా లేదా అని నిలదీయలేదు. మొన్న వానల్లో కలకత్తాలోనే, సాల్ట్ లేక్‌లో మా వీధంతా మునిగింది. మనవరాలు స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చి, బూట్లు వెనక దాచుకుని, నీళ్ళలో దిగలేదని నేను అడక్కుండానే చెప్పింది. వేడినీళ్ళూ సబ్బూ తెచ్చి పక్కన కూర్చుని, ఎందాకా వచ్చాయమ్మా అన్నాను. బూట్లు వదిలేసి, చెయ్యి మోకాలిమీద పెట్టింది. గీరుకున్న చోట ఎక్కడైనా ఉందేమోనని దాని పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకున్నాను.