వాన చప్పుడున్న క్యాసెట్టు

తాతారావుకి బాప్తిస్మంలో పెట్టిన పేరు స్తెఫను. ఆ పేరుతో పిలిచింది రాజమండ్రి ఆఫీసువాళ్ళు మాత్రమే. రాజోలు దాటాక గోదావరి గట్టు దిగువన ఉన్న మా పేటలో అతను మైకు తాతారావు. వారమంతా కొబ్బరికాయలు వలిచేవాడు. ఆదివారం చేతులు తోముకుని, తెల్లచొక్కా వేసుకుని, చర్చిలో టేప్ రికార్డరు పక్కన కూర్చునేవాడు. ఎంత తోమినా గోళ్ళ సందున పీచు రంగు పోయేది కాదు.

పేటలో చాలా ఇళ్ళ మగవాళ్ళు కువైట్లో ఉండేవారు. ఫోను మాటలు నిమిషాల లెక్క. అందుకని నెలకోసారి ఆదివారం ఆరాధన అంతా క్యాసెట్టు మీద ఎక్కించి, చివర ఎవరి భార్య వాళ్ళాయనకి రెండు మాటలు చెప్పేది. సెలవుకొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ పెట్టెలో అది వెళ్ళేది. అక్కడ శుక్రవారం అందరూ ఒక గదిలో చేరి వినేవారు. విన్నాక దాని మీదే తమ మాటలు ఎక్కించి వెనక్కి పంపేవారు. పాత మాట చెరిగిపోయేది. దాని గురించి ఎవరూ దిగులుపడలేదు, కొత్త మాట ఎలాగూ వస్తుంది కదా.

తొంభయ్యేడులో చర్చి పనులు చేసే ఇలాంటివాళ్ళకి తర్ఫీదిస్తామని రాజమండ్రిలో ఒక మిషను ఆఫీసు పిలిచింది. తాతారావు వెళ్ళొచ్చాడు. వస్తూ రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరు, కొన్ని ఖాళీ క్యాసెట్లు ఎరువు తెచ్చుకున్నాడు. వెనక చప్పుళ్ళు పడకుండా ఎలా చూసుకోవాలో, ఒక క్యాసెట్టులో ముక్క తీసి ఇంకోదానికి ఎలా అతికించాలో వాళ్ళు నేర్పారు. నేర్పిన అనిల్ కుమార్ గారు ఒక మాట గట్టిగా చెప్పారట. "మనిషి అనని మాట మనిషి నోట పెట్టకూడదు స్తెఫను గారూ. ఈ పనికి అదొక్కటే నీతి."

ఆ ఆదివారం నుంచి చర్చి కిటికీలు మూసేశాడు. దగ్గద్దన్నాడు.

"ఇక్కడ దగ్గద్దంటే కాలవ గట్టుకెళ్ళి దగ్గిరావాలేంట్రా?" అంది వీరాయమ్మ, కావాలని మరో రెండుసార్లు దగ్గి. ఆమె కొడుకు అంజిబాబు కూడా కువైట్లోనే ఉన్నాడు. తాతారావుకి తమ్ముడి వరస.

అంజిబాబు భార్య కుసుమ. మిగతా ఆడవాళ్ళు మైకు చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. కుసుమకి మైకే చుట్టం. ఓ ఆదివారం ఆరాధన అయ్యేసరికి కుండపోతగా వాన. చర్చి మీద రేకులు. ఎవరూ బయటికి కదల్లేదు.

"బావగారూ, ఇది తిరుగుతోందా, ఊరికే నా చేత వాగిస్తన్నారా?"

"తిరుగుతోందమ్మా, చెప్పు."

"ఏవండీ, వింటన్నారా? చీరమేను చేపలు వండితే మీ అమ్మగారు గిన్నె గీకేసేరు. నాకు పులుసే మిగిలింది. నేను బాగానే ఉన్నానండీ. కోడి పొదిగింది. మీరు మాత్రం ఆ రొట్టెలు తిని ఎండిపోకండి…"

అలా టేపు చివరిదాకా చెప్పింది. ఇంటికెళ్ళి వింటే మాట వెంబడి వాన. తర్ఫీదులో ఇలాంటిది పనికిరాదన్నారు. మరుసటి వారం ఆమె చేత మళ్ళీ రెండు ముక్కలు చెప్పించి అది పంపాడు. వాన క్యాసెట్టు పక్కన పడేశాడు.

కొత్త సంవత్సరం వచ్చాక కుసుమకి పచ్చకామెర్లు వచ్చాయి. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మనిషి తిరిగి రాలేదు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం వీరాయమ్మ తాతారావు అరుగు మీద కూర్చుంది.

"ఆడికి చెప్పకురా. పాస్‌పోర్టు అక్కడ పనిచ్చిన షావుకారి దగ్గరుంది. రానివ్వరు. అంతదూరాన ఒక్కడూ ఏడిచి ఏమైపోతాడు? గడువు తీరి ఇంటికొచ్చేక నేనే చెప్పుకుంటాను."

"కుసుమ మాట లేకపోతే అడగడా పిన్నీ?"

"నీకు అతికించడం నేర్పేరుగా."

చర్చి అయ్యగారిని అడిగితే ఆయన బైబిలు అట్ట నిమురుతూ కూర్చున్నారు. కువైట్లో ఉన్న మనవాళ్ళకీ కబురు అందింది. వాళ్ళూ నోరు మెదపలేదు. దూరాన ఉన్నవాడికి చావు కబురు దాచడం మా వైపు ఉన్నదే.

వాన క్యాసెట్టులోంచి ముక్కలు తీసి తాతారావు అతికించడం మొదలుపెట్టాడు. ఒకసారి 'నేను బాగానే ఉన్నానండీ.' ఇంకోసారి 'ఏవండీ, వింటన్నారా?' ఆమె అనని మాటేం పెట్టలేదు కదా అని తనకి తాను చెప్పుకునేవాడు. అక్కణ్ణుంచి తిరిగొచ్చిన క్యాసెట్లలో అంజిబాబు, "కుసుమా, ఒళ్ళు జాగ్రత్త," అనేవాడు. అది వచ్చే చోటు తెలిసి తాతారావు ముందే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

రెండువేల సంవత్సరంలో ఆఫీసు నుంచి కబురు. పథకం ఆగిపోయింది, ఎరువిచ్చిన సామానంతా అప్పజెప్పండి అని. అంజిబాబు గడువు కూడా దగ్గరకొచ్చింది. చర్చి పాత రికార్డరు ఎప్పుడో చెడిపోయింది. తాతారావు ఉన్న ఆ ఒక్క టేప్ రికార్డరునీ, మిగిలిన క్యాసెట్లనీ గోనెసంచిలో వేశాడు. వాన క్యాసెట్టూ అందులోనే వేశాడు. తమ్ముడు వచ్చేసరికి అది ఇంట్లో ఉండకూడదనుకున్నాడు.

అంజిబాబు వచ్చాడు. వీరాయమ్మ నోరు తెరవబోతే, "తెలుసమ్మా," అన్నాడు. పెట్టె కూడా విప్పకుండా కొబ్బరి రాశి దగ్గరికి వచ్చాడు.

"మొదటిదానికే తెలిసిపోయింది అన్నయ్యా. అందరి వెనకా నిశ్శబ్దం. కుసుమ ఒక్కదాని వెనకే వాన."

తాతారావు చేతిలో కాయ రాశి మీద పెట్టాడు. "మరి జాగ్రత్త జాగ్రత్త అని ఎందుకు పంపేవురా?"

"అమ్మ నాకోసం దాస్తోంది. నాకు తెలిసిందంటే తట్టుకోగలదా?" అన్నాడు అంజిబాబు. "ఆ ముక్కలు ఎందులోంచి తీసేవో అది ఇయ్యి. మొత్తం వింటాను. నా దగ్గరున్నవన్నీ మీకే తిప్పి పంపేసేను. దాని గొంతు ఇంకెక్కడా లేదు."

మర్నాడే ఇద్దరూ బస్సెక్కారు. రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డంగా నిలబడి బస్సు ఎంతకీ కదల్లేదు. అంజిబాబు కిటికీలోంచి ఆ గెలలకేసి చూస్తూ కూర్చున్నాడు. తాతారావుకి తిట్టినా బాగుండుననిపించింది.

ఆఫీసులో ఏదో కొత్త క్లాసు జరుగుతోంది. పిల్లలు తలో మూలా మైకు పట్టుకుని ఉన్నారు. అనిల్ కుమార్ గారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"స్తెఫను గారూ! రండి రండి. పాత క్యాసెట్లా? అవన్నీ ప్రాక్టీసుకి ఇచ్చేశామండీ. కొత్తవి కొనే దారి లేదు. ఏం, ముఖ్యమైనవా?"

"ఆయ్, ఒకటుందండీ."

పెట్టె తెచ్చి ముందు పెట్టారు. తాతారావు తన రాత ఉన్న అట్ట వెతికి తీశాడు. టేపులో వేశారు. ఎవరో అమ్మాయి గొంతు, తప్పులు దిద్దుకుంటూ స్త్రీల సమాజం ప్రకటన చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత ఎవరో కుర్రాడు హలో హలో అన్నాడు. అంజిబాబు మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని నేల చూస్తూ విన్నాడు. టేపు చివరికొచ్చింది. టక్కుమని చప్పుడు. తర్వాత వాన.

అంజిబాబు తలెత్తాడు.

రేకుల మీద వాన, వాన, వాన. అందులోంచి తాతారావు గొంతు వచ్చింది. "చాల్లేమ్మా, ఇంక ఆపు. టేపు అయిపోతోంది." ఎవరో నవ్వబోయినట్టు చిన్న ఊపిరి. అంతే, టేపు ఆగిపోయింది.

"అయ్యో," అన్నారు అనిల్ కుమార్ గారు. ఆ పక్కన పిల్లలు వరసగా మైకు టెస్టు చేస్తూనే ఉన్నారు.

అంజిబాబు చెయ్యి చాపి క్యాసెట్టు కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్ళీ వాన, మళ్ళీ చాల్లేమ్మా, మళ్ళీ ఆ ఊపిరి. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఇంటికి పట్టుకెళ్దాంరా," అన్నాడు తాతారావు.

"వద్దన్నయ్యా," అన్నాడు అంజిబాబు. "ఇంటి దగ్గర దీన్ని వేసే మిషను లేదుగా." మళ్ళీ వెనక్కి తిప్పాడు.