ఒక్కరోజు పారిన కాలువ

నా చిన్నప్పుడు మా ఊరి కాలువలో ఒకే ఒక్కరోజు నీళ్లు పారాయి. ఆ రోజు భయపడ్డంతగా నేను మళ్లీ ఎప్పుడూ భయపడలేదు.

మాది గూడూరు దగ్గర అడవి అంచు పల్లె. ఏదో పైదేశం మన సర్కారుకు అప్పిచ్చిందని, ఆ అప్పుతో కాలువ వస్తుందని మా పొలాల మధ్య నుంచి తవ్వారు. మా నాయనమ్మ చెలక సగం అందులోనే పోయింది. సిమెంటు పూశారు, తూములు పెట్టారు, నీళ్లు మాత్రం రాలేదు. ఆ ఎండిన కాలువలోకి మేకలు కూడా దిగేవి కావు. అందులో నిలబడి అరిస్తే మన గొంతే కాస్త ఆలస్యంగా, ఇంకెవరిదో అయినట్టు తిరిగి వచ్చేది.

అప్పిచ్చిన దేశం నుంచి ఒక పెద్దమనిషి పని చూడటానికి వస్తున్నాడన్న రోజు పొద్దున లేచేసరికి కాలువలో నీళ్లు. వాన లేదు. ఎగువన తూము ఎత్తారన్న కబురు లేదు. ఊరంతా గట్టు మీదికి వచ్చింది కానీ ఎవరి నోటా సంతోషపు మాట రాలేదు. నీళ్లు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. వాటి మీద ఒక్క కొంగ వాలలేదు.

"గివి యాడికెల్లి వస్తున్నయో చూసొద్దాం పా బిడ్డా," అని నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

గట్టు వెంట ఎగువకు నడిచాం. కొంతదూరం పోయాక నేల లోపల ఎవరో మూలుగుతున్నట్టు వినిపించింది. నేను ఆగిపోతే నాయనమ్మ చెయ్యి ఇంకా గట్టిగా పట్టింది. మలుపు తిరిగితే ఇంజన్లు. అక్కడి బావులన్నింటిలోకి పైపులు దించి నీళ్లు కాలువలోకి తోడుతున్నారు. అక్కడికి ఎగువన కాలువ ఎప్పటిలాగే ఎండి, తుమ్మ మొక్కలతో నిండి ఉంది. మొదటి బావి నాయనమ్మ తమ్ముడిది. ఆ తాత ఒడ్డున తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి.

"ఆఫీసర్లు ఒక్కరోజే అన్నరక్కా. సారు చూసిపోతే అసలు నీళ్లు ముందు నాకే ఇడుస్తమన్నరు," అన్నాడు తాత. అప్పటికి ఆయన మిరప తోట పూత మీద ఉంది.

నాయనమ్మ బావిలోకి దిగి, ఒక చేపను తడి కొంగులో మూటగట్టుకుని వెనక్కి నడిచింది. మేం ఊరి గట్టుకు చేరేసరికి ఆ పైదేశపు అతిథి మెడలో దండ ఉంది. ఆఫీసర్లు జరగమన్నా వినకుండా ఆమె ఆ చేపను ఆయన అరచేతిలో పెట్టింది.

పక్కనున్న ఆఫీసరుతో, "గిది మా తమ్ముని బాయిల చేప అని చెప్పు సారూ. ఆ బాయి నీళ్లే మీకు సూపెడుతున్నరని చెప్పు," అంది.

ఆఫీసరు ఒక్క క్షణం నేలచూపు చూశాడు. తర్వాత ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. వెంటనే అతిథి ముఖం వెలిగిపోయింది. కానుక అనుకున్నాడు. నాయనమ్మకు వంగి దండం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉండటం నాకు ఒక్కదానికే కనబడుతున్నట్టు అనిపించి భయమేసింది.

సాయంత్రానికి కాలువ ఎండిపోయింది. బావిలో నీళ్లు లేక తాత మిరప తోట పూత మీదే మాడిపోయింది. పై ఊళ్లకూ కాలువ పొడిగించడానికి మళ్లీ అప్పు వచ్చిందని ఆ తర్వాత విన్నాం. ఆ అప్పులు దేశం ఎన్నో ఏళ్లు తీర్చిందట. ఒక్క మడి తడవలేదు.

అతిథి వచ్చిన రోజు రాత్రి నేను ఆయన్ని తిట్టబోతే నాయనమ్మ నన్ను ఆపింది. "ఆయిన మంచోడే బిడ్డా. నా మాట ఆయినదాంక పోలే," అంది.

నేను పట్టుబట్టి ఇంగ్లీషు నేర్చుకున్నాను, పంతులమ్మనయ్యాను. ఇప్పటికీ దవాఖానలో గానీ, ఆఫీసులో గానీ ఒక పల్లె మనిషి చెప్పింది ఒకటై, పైవాళ్లకు చేరుతున్నది మరొకటైతే నేను ఊరుకోలేను. లేచి వెళ్లి, ఆ మనిషి పక్కన నిలబడి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ చెబుతాను.