గిరిజ తడిపిన రాళ్ళు

చాండ్లర్‌లో ఉండే గిరిజ ఒక్క కేక వేస్తే అరిజోనా ఎడారిలో రాళ్ళు లేచి, వరసలో నిలబడి, కారు దాకా దారి చూపించాయి. నమ్మకం లేకపోతే ఆవిడ మొగుడు విశ్వనాథ్‌ని అడగండి. ఆయనా చూడలేదు, అప్పటికి స్పృహ తప్పాడు.

వారమంతా ఇన్సూరెన్స్ కాగితాల్లో తప్పులు పట్టే గిరిజకి శనివారం వస్తే కాల్సెడొనీ పిచ్చి. కొబ్బరిముక్కలా తెల్లగా, ఎండ సోకితే లోపల దీపం పెట్టినట్టుండే రాయి అది. ఏరడానికో పద్ధతుంది. సూర్యుడికి ఎదురు నడిస్తేనే మెరుస్తుంది. తడిపితేనే రంగు తేలుతుంది. ఇంకా మంచిది దొరికితే పాతది అక్కడే పారేయాలి.

ఆ మే నెల పొద్దున క్వార్ట్‌జ్‌సైట్ ఊరు దాటాక కారాపి, తల వంచుకుని తూర్పుకి నడిచింది. వెనకే సంచి మోస్తూ విశ్వనాథ్. ఒంటిగంట దాటాక తలెత్తితే కారు లేదు, సిగ్నల్ లేదు, సీసాల్లో చుక్క లేదు.

"నీళ్ళన్నీ ఏవే?"

"రాళ్ళు తడిపానండీ."

"అభిషేకం అయిందన్నమాట. మరి తీర్థం?"

గిరిజకి నవ్వు రాలేదు. "వచ్చేటప్పుడు సూర్యుడు ఎదురున్నాడుగా. ఇప్పుడు వీపుకి పెట్టుకుని నడిస్తే డైరెక్ట్‌గా కార్ దగ్గరే తేలతాం."

గంట నడిచారు. సూర్యుడు పడమటికి వాలాడని ఆవిడకి తట్టేసరికి కారు ఇంకా దూరమైంది. విశ్వనాథ్‌కి చెమట ఆగిపోయింది, మాట ముద్దకట్టింది. ముళ్ళచెట్టు కింద కూలబడ్డాడు.

"నువ్వు పోవే... నీ రాళ్ళకి నేను కాపలా ఉంటా."

ఇదే ఆయన ఆఖరి వేళాకోళమేమో అనిపించింది గిరిజకి. ఎర్ర చున్నీ కొమ్మకి కట్టి, మడమతో నేల గీరుకుంటూ సూర్యుడి వైపు పరిగెత్తింది. ఎటు చూసినా ఒకటే నేల. "చంపేశాను, ఆయన్ని నేనే చంపేశాను" అని ఏడుస్తూ మోకాళ్ళ మీద పడింది.

ఎదురుగా ఒకటి మెరిసింది. నల్లచుక్క ఉందని పొద్దున తాను పారేసిన రాయి! దానవతల అంచు విరిగిన రాయి. ఇంకాస్త దూరంలో పసుపు తిరిగిన రాయి. ఏ వంక పెట్టి ఏది వదిలేసిందో ఆ తప్పులు పట్టే కళ్ళకి అన్నీ గుర్తే. వంక వెంట వంక చూసుకుంటూ కారు చేరింది. నీళ్ళ క్యాను భుజానికెత్తుకుని, మడమ గీతల మీదుగా ఎర్ర చున్నీ దగ్గరికి తిరిగొచ్చింది.

ఇప్పటికీ తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరైనా ఈ కథ ఎత్తుకుంటే, గిరిజ గరిటె కింద పెడుతుంది.

"రాళ్ళేం లేవలేదు. తాగే నీళ్ళు నేను పారబోశాను, దారి కూడా తప్పు చెప్పాను. ఆయన నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు."