ముక్కుకు రాసిన బామ్

మా ఇంట్లో చలికి ఒకటే మందు, బామ్. చిన్నప్పుడు కరీంనగర్‌లో చలికాలం బడికి పోయేముందు అమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టేది. ముక్కు కింద, ఛాతీ మీద, అరికాళ్ళకు బామ్ పట్టించి మంకీ క్యాప్ తొడిగితేగానీ గడప దాటనిచ్చేది కాదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే "మంచిగ పనిజేస్తున్నది" అనేది. పెళ్ళై అబుధాబి వచ్చేటప్పుడు నా పెట్టెలో పచ్చళ్ళతో పాటు బామ్ డబ్బాలు కూడా వచ్చాయి. ఎడారికి బామ్ ఏమిటని మా ఆయన ఎంత ఎగతాళి చేసినా, ఏసీకి జలుబు చేసినప్పుడల్లా నా దగ్గరికే వచ్చేవాడు.

అప్పటికి మాకు పిల్లల్లేరు. ఒక కుక్క ఉండేది. మఫ్రఖ్‌లో మా ఆయన ఇంజనీరుగా పనిచేసే సైట్ దగ్గర, లేబర్ క్యాంపు గోడ పక్కన దొరికింది. ఇసుక రంగు, సన్నటి కాళ్ళు, ఎడమ కంట్లో పువ్వు. రెండో కన్ను కూడా అంతంతమాత్రమేనని పశువుల డాక్టరు చెప్పింది. లోకాన్నంతా అది ముక్కుతోనే చూసేది. ఆయన ఇంకా లిఫ్ట్ ఎక్కకముందే తలుపు దగ్గరికి పోయి నిలబడేది. కారులో నా కాళ్ళ దగ్గర కూర్చుని, ముక్కు నా గుప్పిట్లో దూర్చి నిద్రపోయేది. ఆయన దాన్ని "బిడ్డా" అని పిలిచేవాడు. కుక్కను బిడ్డ అనడమేమిటని విసుక్కుంటూనే నేను దానికి పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో జెబెల్ జైస్ కొండ మీద మంచు పడిందని వాట్సాప్ నిండా వీడియోలే. పొగమంచు కాదు, సినిమాల్లో చూసే తెల్లటి మంచు. ఎడారి గడ్డ మీద మంచు పడిందంటే ఎవరాగుతారు? సెలవురోజు తెల్లవారుజామునే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా ఇంటి నుంచి పులిహోర, ఫ్లాస్కు నిండా చాయ్, కుక్కతో సహా బయల్దేరాం.

కొండ మీద ఒక మలుపు దగ్గర పోలీసులు కార్లను ఆపేశారు. అక్కడి నుంచి మేకలు నడిచే దారి పట్టుకుని పైకి ఎక్కాలి. తలుపు తెరవగానే చలిగాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. కుక్క వణికింది. నాకు ప్రాణం ఆగలేదు. ఆయన పాత స్వెటర్ దానికి తొడిగాను. మెడపట్టీ స్వెటర్ మీద బిగుసుకుంటోందని కాస్త వదులు చేశాను. తర్వాత బ్యాగులోంచి బామ్ డబ్బా తీశాను.

"కుక్కకు బామేందే? అదేమన్న మనిషా?" అన్నాడాయన.

"చలి మనిషికొకటి, కుక్కకొకటి ఉంటదా? పడిశం వడితే మీరు చూస్తరా?" అన్నాను.

దాని తల నా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ముక్కు చుట్టూ, పాదాలకు గట్టిగా పట్టించాను. అది మెలికలు తిరిగింది, తుమ్మింది. మూలిగింది కూడా. కరవడం మాత్రం దానికి తెలియదు, నా దగ్గర అసలే తెలియదు. దారంతా తుమ్ముతూనే ఎక్కింది. ముక్కు మండుతున్నట్టుందని ఆయన అంటే, "మంచిగ పనిజేస్తున్నది" అన్నాను, అచ్చం మా అమ్మలాగే.

పైన బండల సందుల్లో నిజంగానే మంచు ఉంది. ఆయన గుప్పెడు తీసి నా మీద వేసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఫోటోకని కుక్కను పక్కన నిలబెట్టబోతే, అది మూతి మంచులో పెట్టి రుద్దుకోవడం మొదలుపెట్టింది. అటు రుద్ది, ఇటు రుద్ది, నా చేతిలోని తాడును వెనక్కి గుంజేసరికి వదులు పట్టీ చెవుల మీదుగా ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే కింద ఎవరో కుర్రాళ్ళు కారు సైలెన్సర్‌తో ఢామ్మని చప్పుడు చేశారు. కుక్క బెదిరి మబ్బులోకి పరుగెత్తింది.

కొండ మీదికి మబ్బు దిగి ఉంది. ఆయన "బిడ్డా" అని అరిచాడు. ఎదుటి కొండ కూడా "బిడ్డా" అంది. మబ్బు కాస్త పలచబడినప్పుడు, కింది వాలులో అది ఆ ఎదుటి గొంతు వైపు పోతూ కనిపించింది. ఆగి, ముక్కెత్తి గాలి పీల్చింది. గాలి మా వైపు నుంచే దానికి వీస్తోంది. మామూలుగా అయితే ఒక్కసారి పీల్చగానే మమ్మల్ని పట్టేసేది. తుమ్మి, తల విదిల్చి, మళ్ళీ పీల్చి, మాకు దూరంగా నడిచిపోయింది.

అప్పుడు నాకర్థమైంది. అసలే కళ్ళు అంతంతమాత్రం. ఉన్న ఒక్క ముక్కునూ నేను మూసేశాను.

"అరవకుండ్రి. మీ గొంతు దానికి అటుదిక్కు ఇనవడ్తున్నది," అన్నాను. "ముక్కు పనిజేస్తలేదు. నేనే బామ్ రాసిన."

ఆయన నా వంక చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వెతికి వెతికి మలుపు దగ్గరికి దిగి, కారు పక్కన నిలబడ్డాం. పొద్దు వాలుతోంది. "ఖలాస్, ఖలాస్. యల్లా, సబ్ నీచే!" అంటూ పోలీసాయన అందర్నీ దించేస్తున్నాడు. సైట్‌లో అంతమందిని కేకలేసే మా ఆయన చేతులు జోడించి, "సాబ్, థోడా టైమ్. బచ్చీ హై హమారీ" అన్నాడు. పిల్ల తప్పిపోయిందా అని పోలీసాయన కంగారుపడ్డాడు. కుక్క అని తెలిశాక కూడా ఎందుకో కసురుకోలేదు, కాసేపు ఆగమన్నాడు. నేను తలెత్తలేకపోయాను.

సూర్యుడు దిగేవేళకు అది వచ్చింది. మంచులో ఎంత రుద్దుకుందో, మూతి చర్మం లేచి ఎర్రగా పుండైంది. కొంచెం దూరంలో ఆగి గాలి పీల్చింది. తోక కదిలింది. ముక్కు తిరిగొచ్చిందన్నమాట. ఏడుపు ఆగక రెండు చేతులూ చాచి పరుగెత్తాను. నా చేతుల వాసన తగలగానే అది తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి తగ్గింది. నేను ఇంకో అడుగు వేస్తే అది వాలు అంచుకు జరిగింది.

"ఆగు," అన్నాడాయన మెల్లగా. "నువ్వు వోయి కార్ల కూసో. అద్దాలు ఎక్కియ్యి."

వెళ్ళి కూర్చుని అద్దాలెక్కించాను. నా వాసన గాలిలో లేకుండా పోయాకే అది వచ్చి ఆయన ఒళ్ళో పడింది. అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను.

దారిలో పెట్రోలు బంకు దగ్గర సబ్బుతో తోమి తోమి చేతులు కడుక్కున్నాను. గోళ్ళ సందుల్లో వాసన పోలేదు. "ప్రేమతోని చేసినవ్ గదా, ఊకో," అన్నాడాయన. ప్రేమతోనే చేశాను. అది వద్దు వద్దని గింజుకుంటుంటే తల నొక్కిపట్టి మరీ చేశాను.

కుక్క వెనక సీట్లో పడుకుంది. కొంతదూరం పోయాక లేచి ముందుకొచ్చి, ఎప్పటిలాగే నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా అది ఆ పుండు మూతితో నా గుప్పిలి కోసం వెతుకుతూనే ఉంది.