బావ బండి ముందు చక్రం చప్పుడు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

ఇది సరదాకి మొదలైన ప్రయాణం కాదని ముందే చెప్తున్నాను. మా రవీందర్ బావ దసరా తెల్లారి గణపురం దాటాక ఒక మలుపులో తన పికప్‌తో కల్వర్టు గోడను గుద్దాడు. డోరు తెరుచుకోవడంతో ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. బండికి బంపరు, ఎడమ లైటు పోయాయి, అంతే. మనిషి మాత్రం మిగల్లేదు. పండగ మరునాడు కదా, తాగి తోలాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. మా స్వరూపక్క ఒక్కతే ఒప్పుకోలేదు. అంతకు ఏడాది ముందు బావ కురవి వీరభద్రస్వామి దగ్గర మందు మానేస్తానని మొక్కాడు, ఆ మొక్కు తప్పలేదని ఆమె పట్టు. అక్క బండిని కళ్లతో చూడలేనంటే జనగామ తెప్పించి, డెంటింగ్ చేయించి మా ఇంటి ముందు పెట్టాను. ఇన్నాళ్లకు అక్క ఉండే భూపాలపల్లిలోనే కొనేవాడు దొరికాడు. "తెచ్చేటప్పుడు కురవిల ఒక్క కాయ కొట్టుకొని రా తమ్మీ. ఆయన మొక్కు ఆయన నిలవెట్టుకున్నడని దేవునికి చెప్పు" అంది అక్క ఫోన్లో. అందుకే తిన్నగా వరంగల్ మీదుగా పోకుండా ఈ చుట్టుదారి పట్టాం.

మా వీధి డ్రైవర్ ఐలయ్య అన్నతో ఉదయం ఆరింటికి బయల్దేరాను. పాలకుర్తి మీదుగా తొర్రూరుకు ఏడున్నర అయింది. బస్టాండు ఎదురుగా చాయ్ పది రూపాయలు, బాగుంటుంది. ఖాళీ పికప్ ఎలాగూ గులకరాళ్లు పోసిన డబ్బాలా మోగుతుంది కాబట్టి అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. తొర్రూరు దాటాక ఐలయ్య అన్న రేడియో ఆపేశాడు.

"తమ్మీ, ముందట ఏందో కొట్టుకుంటున్నది. ఇంటున్నవా?"

విన్నాను. ఎడమకు తిరిగితే ఒక టక్, గుంతలో పడి లేస్తే రెండు. "నాడా అన్నా. నంబర్ ప్లేటుకు తాకుతది" అన్నాను. దిష్టికి బంపరుకు పాత చెప్పు, గుర్రపు నాడా వేలాడదీస్తారు కదా, అది. బావ పచ్చ కరెంటు వైరుతో కట్టాడు. డెంటింగ్ చేసినవాళ్లు కూడా ఆయన వేసిన ముడి విప్పకుండా దాన్ని ఎక్కడిది అక్కడే తగిలించి ఇచ్చారు. విప్పి చూస్తే నిమిషంలో తేలిపోయేది. కానీ దిష్టికి కట్టింది దారిలో విప్పకూడదంటారు, అందులోనూ కట్టినవాడు లేడు. మా ఇద్దరికీ చేయి రాలేదు. నర్సింహులపేటలో ఒక పంక్చర్ షాపాయన నిలబడే చూసి, "గదే అన్న, ఇంకేం లేదు" అని నాడాకు గుడ్డ చుట్టి ఇరవై తీసుకున్నాడు. రెండు కిలోమీటర్లు పోయామో లేదో మళ్లీ అదే చప్పుడు.

కురవి చేరేసరికి తొమ్మిదిన్నర. మామూలు రోజు కాబట్టి దర్శనం అరగంటలో అయిపోయింది. అక్క చెప్పమన్న మాట మాత్రం నా నోట రాలేదు. నేను నమ్మని మాట దేవుడి ముందు ఎలా అనను? కాయ కొట్టి, ఉత్త దండం పెట్టి వచ్చేశాను. బయట బండ్ల పూజ దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బంపరుకు, నాడాకు బొట్టు పెట్టమని కుంకుమ నా చేతిలో పోశారు. నేను వంగి నాడాను పిడికిట్లో పట్టుకుని బొట్టు పెడుతుండగా ఐలయ్య అన్న ఇంకా బండి కదల్చకుండానే స్టీరింగ్ తిప్పాడు. టక్ మంది. నాడా నా చేతిలోనే ఉంది, ఇసుమంతైనా కదల్లేదు. చప్పుడు ఎడమ చక్రం లోపలి నుంచి వచ్చింది.

"అన్నా, నాడా కాదు" అన్నాను.

మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్లు మానుకోట అంటారు. కురవి నుంచి అక్కడికి పదిహేను నిమిషాలే, మేం మెల్లగా అరగంట నడిపించాం. ఊరి మొదట్లో జలీల్ భాయ్ షెడ్డు ఉంది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మా కథ వినకముందే జాకీ వేసి చక్రం లేపాడు. ఒక చేయి పైన, ఒక చేయి కింద వేసి ఊపాడు. చక్రం కదిలింది.

"కదలద్దు అన్న ఇది. బాల్ జాయింటు పోయింది. చక్రాన్ని పట్టుకొని ఉండేది గదే."

"గుద్దినప్పుడు పోయిందా భాయ్?"

"గుద్దితె వంగుతది, ఇరుగుతది. గిది అరిగింది. రబ్బరు చినిగి లోపటికి మట్టి పోయింది. నెలల పొద్దు అరిగింది." ఆయన లోపలికి వేళ్లు పెట్టి ఏదో లాగాడు. "సప్పుడు రాకుండ ఎవలో సైకిల్ ట్యూబు చుట్టిండ్రు సూడు. మూల మలుపు మీద బిరేకు కొడితె గీ చక్రం దాని దారిన అది పోతది. తోలెటోడు ఎంత మంచిగ తోలినా ఇనదు."

ఆ ట్యూబు ముక్కను కట్టింది పచ్చ కరెంటు వైరుతో. నాడాకు వేసిన ముడే.

అప్పుడు గుర్తొచ్చింది. నేను జనగామలో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంలో రెండేళ్లు పనిచేశాను. ఆ మాత్రానికే ఇంట్లో అందరికీ పెద్ద మెకానిక్‌ని. దసరాకు నెల ముందు బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ముందట సప్పుడొస్తున్నది, మెకానిక్‌కు సూపెట్టాల్నా?" అన్నాడు. నేను కౌంటర్ దగ్గర గిరాకీతో ఉన్నాను. "నాడానో, రబ్బరో అయి ఉంటది బావా. మెత్తది ఏదన్న చుట్టు. పండుగ గిరాకీ అయినంక సూద్దాం" అన్నాను. ఆయన నా మాట విన్నాడు. ఆ తర్వాత నేను ఆయన్ని తాగుబోతన్నాను.

కొత్త జాయింటు, పని కలిపి పద్దెనిమిది వందలు, రెండు గంటలు. పాతదాన్ని ట్యూబుతో సహా కాగితంలో చుట్టి ఇమ్మన్నాను. గూడూరు, నర్సంపేట, ములుగు మీదుగా దారి బాగానే ఉంది. నర్సంపేటలో భోజనం వంద రూపాయలు, ఐలయ్య అన్న ఒక్కడే తిన్నాడు. గణపురం తర్వాత ఆ మలుపు దగ్గర ఐలయ్య అన్న బండిని బాగా నెమ్మది చేశాడు. ఏ చప్పుడూ లేదు.

భూపాలపల్లి చేరేసరికి ఐదు. గని క్వార్టర్ల వెనక చిన్న అద్దె గదిలో అక్క ఉంటుంది, జాకెట్లు కుట్టి బతుకుతోంది. కుట్టు మిషన్ మీద పొట్లం పెట్టాను.

"బావ తాగలేదక్కా."

"నాకెరుకనే తమ్మీ. మీకే ఎరుక లేదు."

నిలబడే మొత్తం చెప్పాను. జాయింటు సంగతి, ఆ ఫోను, నేనన్న మాట. నన్ను కొట్టినా బాగుండేది. అక్క పొట్లం విప్పింది. ఇనుప ముక్కను పక్కకు జరిపి ట్యూబును చేతిలోకి తీసుకుని, దాని అంచు మీద వేలితో రాసింది.

"నువ్వు మాట్లాడేటప్పుడు నేను పక్కనే ఉన్న. స్పీకర్ల పెట్టిండు. నువ్వు చుట్టుమన్నవు. ఆయన ట్యూబు పట్టుకున్నడు, నేను గీ కత్తెరతోని కోసిన."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదక్కా?"

"తాగలేదని చెప్పిన గద. గంతవరకే నోరొచ్చింది." ట్యూబును మళ్లీ కాగితంలో చుట్టింది. "కొనెటాయనకు అంతా చెప్పు. ఏం దాయకు."

ఈ దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయి, మీరు పోతే తీరిగ్గా చూడండి. నేను చూసింది ఒక చనిపోయిన మనిషి మీద ఎంత తేలిగ్గా నింద వేస్తామన్నది. తాగాడంటే తప్పు ఆయనతోనే పోతుంది, మనకు ఒక్క ముక్కా అంటదు. మళ్లీ కురవి పోవాలి. ఈసారి అక్క చెప్పమన్న మాట చెప్పి రావాలి.

ఒక్క జాగ్రత్త. బండి ముందు భాగంలో చప్పుడు వస్తే ముందుగా బంపరుకు వేలాడేవన్నీ విప్పి చూడండి, దిష్టిది అయినా సరే. అయినా చప్పుడు పోకపోతే ఆ రోజే జాకీ వేయించి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపించండి. దేనికీ ఏదీ చుట్టకండి.