ఇద్దరు నేసే చాప

పోయిన సోమవారం పొద్దున్నే, కౌతాళం దగ్గరి మా పుట్టినూరి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త ఇక లేదు. ఆదోనిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్న నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఈ ఆదివారం వస్తానని చెప్పాను కదా అనుకున్నాను. అట్లా చెప్పి తప్పించుకున్న ఆదివారాలు ఎన్నో.

అత్త తుంగచాపలు నేసేది. కాలువ గట్టున తుంగ పూత రాకముందే కోసి, చీల్చి, ఎండబెట్టి, నేసే ముందు మళ్లీ నీళ్లు చల్లేది. ఆ చాపకు ఇద్దరు కావాలి. బిగించిన దారాల మీద కూర్చుని చెక్కతో కొట్టేవాళ్లు ఒకరు, పక్కనుంచి ఒక్కో తుంగపుల్లా దూర్చేవాళ్లు ఒకరు. నా పెళ్లయ్యేదాకా పుల్లలు దూర్చింది నేనే. నా చేయి ఆగితే చాలు, "పుల్ల పెడతాండావా, కలలు కంటాండావా మే?" అని కసిరేది. తల్లిలేని నన్ను ఆ చాప పక్కనే పెంచింది. జడ వేయాలంటే ముందు చేతుల తడి కొంగుకు తుడుచుకునేది. ఈరోజు కుట్టు పనిలో నాకున్న ఓపిక ఆమె పెట్టిన భిక్షే.

నా తర్వాత ఆ చోట మామ కూర్చున్నాడు. నిరుడు ఆయన పోయాడు. అప్పటినుంచి అత్త ఫోన్లు.

"సాప సగంలో నిలిసిపోయిండాది. కాలవకు సిమెంటు పోసినారు, ఇంగ తుంగ యాడా లేదు. ఉండేది ఈ ఒక్క కట్టే. రెండు దినాలొచ్చి కూసోమ్మే."

"పండగ బట్టలుండాయత్తా, అయినాక వస్తా."

పండగ అయ్యాక పెళ్లి బట్టలన్నాను. చివరిసారి ఆమె రమ్మని అడగలేదు. ఈ ఆదివారం వస్తానని నేనే అంటే, "తిన్నావా?" అని పెట్టేసింది. బస్సెక్కితే ఎంత దూరమని! నన్ను నేను ఏ మొహం పెట్టుకుని క్షమించుకోను?

ఊరికి చేరి, అత్తను మట్టి చేసి వచ్చాక చాప దగ్గరికి పోయాను. సగం కాదు, జానెడు తప్ప అంతా నేసి ఉంది. ఎవరు సాయం కూర్చున్నారని పక్కింటామెను అడిగాను.

"ఎవురూ లేరమ్మా. ఈ పక్క పుల్ల దూర్చి, ఆ పక్కకు పోయి కొట్టేది. మళ్లా ఈ పక్కకొచ్చేది. నేనొస్తానంటే, మా పిల్ల వస్తాదిలే అనేది. కడాకు లేయలేక పాకేది."

వంగి చూశాను. అలికిన నేల మీద, నేను కూర్చునే చోటినుంచి ఆమె కూర్చునే చోటిదాకా, మోకాళ్లు ఈడ్చిన రెండు చారలున్నాయి.